తిమోర్ 1941: పిలవకముందే వచ్చిన సాయం – తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం ఆసియాకు పాకిన రోజుల్లో తిమోర్ దీవి సగం పోర్చుగల్ చేతిలో, సగం డచ్చివారి చేతిలో ఉండేది. జపాన్ దాడి చేస్తే ఒక సగానికి రెండో సగం ఎలా సాయపడాలి, ఎప్పుడు సాయపడాలి, ఎవరు పిలిస్తే సాయపడాలి అన్న ప్రశ్నల మీద లండన్, పోర్చుగల్ రాజధాని లిస్బన్, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా, డచ్ ఈస్టిండీస్ రాజధాని బటావియా (నేటి జకార్తా)ల మధ్య నెలల తరబడి మంతనాలు నడిచాయి. వాటి గురించి పాఠకులకు సాధారణంగా కలిగే సందేహాలకు సమాధానాలు ఇవి.

ఒకే దీవి రెండు యూరప్ దేశాల చేతుల్లోకి ఎలా వెళ్లింది?

గంధపు చెక్క కోసం. పోర్చుగీసు వర్తకులు పదహారో శతాబ్దంలోనే ఈ దీవికి వచ్చారు. డచ్ ఈస్టిండియా కంపెనీ 1653లో పడమటి కొసన ఉన్న కుపాంగ్‌లో స్థిరపడింది. పోర్చుగీసువారి తొలి కేంద్రం లిఫావు అనే చోట ఉండేది. అక్కడ నిలదొక్కుకోలేక 1769లో తూర్పున దిలీకి మారారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరి హద్దు ఎక్కడన్నది స్థానిక రాజుల విధేయతను బట్టి మారుతూ వచ్చింది. 1859లో ఇద్దరూ ఒక ఒడంబడిక చేసుకున్నారు, 1904లో మరొకటి చేసుకున్నారు. అప్పటికీ తెగని చిన్న ముక్క గురించి మధ్యవర్తిత్వానికి వెళ్లగా, స్విట్జర్లాండ్‌కు చెందిన లార్డీ 1914 జూన్‌లో తీర్పు ఇచ్చారు. లిఫావు ఉన్న ఒయెకుస్సి ప్రాంతం మాత్రం డచ్ భూభాగం మధ్యలో పోర్చుగీసు ముక్కగా మిగిలిపోయింది.

ఇంత వివరం ఎందుకంటే, 1941లో సైనికులు దాటింది ఈ గీతనే. గీత గీసినవాళ్లు హద్దు తగాదాలు రాకూడదని ఆలోచించారు తప్ప, ఇద్దరూ కలిసి మూడోవాడిని ఎదుర్కోవలసిన రోజు వస్తుందని ఊహించలేదు. పొరుగువాడి నేల మీదికి సైన్యం ఏ షరతుల మీద వెళ్లవచ్చో చెప్పే ఏర్పాటు రెండు వలసల మధ్య ఏదీ లేదు.

అంత చిన్న వలస మీద ఇందరికి ఎందుకంత పట్టింపు?

మ్యాపు చూస్తే తెలుస్తుంది. పోర్చుగీసు తిమోర్ రాజధాని దిలీ నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు సముద్రం మీదుగా సుమారు 700 కిలోమీటర్లు. అటు డచ్ తిమోర్ రాజధాని కుపాంగ్‌కు 280 కిలోమీటర్ల దూరం. కుపాంగ్ దగ్గర పెన్‌ఫుయి అనే చోట విమానాల మైదానం ఉండేది. ఆస్ట్రేలియా నుంచి జావాకు యుద్ధ విమానాలు పంపాలంటే, ఒక్కసారి నింపిన ఇంధనంతో అంతదూరం పోలేవు కాబట్టి, అక్కడ దిగి మళ్లీ ఇంధనం పోసుకోవలసిందే. దిలీలో శత్రువు విమానాలు కూర్చుంటే పెన్‌ఫుయి నిలవదు, పెన్‌ఫుయి పోతే జావాకు దారి తెగుతుంది, డార్విన్ బాంబర్లకు అందుబాటులోకి వస్తుంది. అప్పటి సైనికాధికారుల లెక్క ఇది, ఆ లెక్కలో తప్పేమీ లేదు.

జపాన్ కూడా ఇదే మ్యాపు చూసింది. యుద్ధానికి ముందే జపాన్ వ్యాపార సంస్థలు పోర్చుగీసు తిమోర్‌లో భూములలోను, వాణిజ్యంలోను వాటాలు సంపాదించుకున్నాయి. 1941 జనవరిలో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ తన సముద్ర విమానాలను దిలీలో దించడం మొదలుపెడితే, అదే సంవత్సరం అక్టోబరులో జపాన్ తన పలావు దీవుల నుంచి దిలీకి విమానాలు నడిపే ఒప్పందాన్ని పోర్చుగల్‌తో కుదుర్చుకుంది. పెద్ద ప్రయాణికుల రద్దీ లేని ఆ ఊళ్లో రెండు దేశాల విమానాలు ఎందుకు దిగుతున్నాయో అక్కడి అధికారులకు తెలియని సంగతి కాదు.

పోర్చుగల్, బ్రిటన్ తరతరాల మిత్రులు కదా? మరి చిక్కు ఎక్కడ వచ్చింది?

మిత్రులే. 1373, 1386 నాటి ఒడంబడికలు ఐరోపాలో నేటికీ చెల్లుబాటులో ఉన్న అతి పాత మైత్రి ఒప్పందాలుగా పేరుపొందాయి. బొంబాయి దీవిని ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు కట్నంగా ఇచ్చిన 1661 నాటి పెళ్లి ఒడంబడికలోని రహస్య నిబంధన ప్రకారం పోర్చుగల్ వలసలను కాపాడే బాధ్యతను బ్రిటన్ తల మీద వేసుకుంది. 1899లో అదే మాటను మళ్లీ ధ్రువీకరించింది.

కానీ 1939లో యుద్ధం మొదలైనప్పుడు పోర్చుగల్ తటస్థంగా ఉండిపోయింది. ఆ నిర్ణయాన్ని బ్రిటన్ కూడా అంగీకరించింది. ఐబీరియా ద్వీపకల్పం (స్పెయిన్, పోర్చుగల్) యుద్ధంలోకి రాకపోవడమే తనకు మేలని లండన్ అనుకుంది. అప్పుడు పుట్టిన చిక్కు ఇది: పోర్చుగల్ తటస్థంగా ఉండాలి, అయినా దాని వలసను మిత్రపక్షం కాపాడాలి. అటు డచ్చివారికి పోర్చుగల్‌తో ఇలాంటి మైత్రి ఒప్పందం ఏదీ లేదు. పైగా 1941 డిసెంబరు 8 నుంచి వారు జపాన్‌తో యుద్ధంలో ఉన్నారు. యుద్ధంలో ఉన్న దేశపు సైనికుడు తటస్థ దేశపు నేల మీద కాలు మోపితే ఆ తటస్థత ఇక నిలవదు. అందుకే బ్రిటిష్ సాయం ఒక రకం, డచ్ సాయం మరో రకం అని లిస్బన్ మొదటి నుంచీ వేరుచేసి చూసింది.

బ్రిటన్, డచ్చివారు, ఆస్ట్రేలియా తమలో తాము ముందే ఏమైనా అనుకున్నారా?

అనుకున్నారు, కానీ అంత దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1939 జూన్‌లో సింగపూర్‌లో బ్రిటిష్, ఫ్రెంచి సైనికాధికారులు సమావేశమయ్యారు. ఏడాది తిరిగేసరికి ఫ్రాన్స్ పడిపోయింది, ఫ్రెంచి వలస ఇండోచైనా, జర్మనీకి తలవంచిన విషీ ప్రభుత్వం చేతిలోకి వెళ్లి క్రమంగా జపాన్‌కు దారి ఇచ్చింది. ఒక పొరుగువాడు అలా జారిపోవడంతో సింగపూర్‌లో కూర్చున్నవారికి మిగిలిన పొరుగువారి విలువ తెలిసివచ్చింది.

డచ్చివారు 1940 మే వరకు తటస్థులు. స్వదేశం జర్మనీ పాలైన తర్వాతే సింగపూర్‌లో సంప్రదింపులకు వచ్చారు. 1941 ఫిబ్రవరిలో బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియా ప్రతినిధులు అక్కడ సమావేశమైనప్పుడు, యుద్ధం వస్తే డచ్చివారి అంబోన్ దీవికి, డచ్ తిమోర్‌కు ఆస్ట్రేలియా దళాలు పంపాలన్న ఆలోచన రూపు దిద్దుకుంది. ఏప్రిల్‌లో దూరప్రాచ్యంలోని బ్రిటిష్ సర్వసేనాని బ్రూక్ పాపమ్ అధ్యక్షతన అమెరికన్లు కూడా కలిసిన సమావేశం జరిగింది. జపాన్ ఏయే అడుగులు వేస్తే ఎదురుదెబ్బ కొట్టక తప్పదో ఆ సమావేశం ఒక జాబితాగా రాసింది. థాయిలాండ్‌లో 100 డిగ్రీల రేఖాంశానికి పడమటికో, 10 డిగ్రీల అక్షాంశానికి దక్షిణానికో జపాన్ సైన్యం రావడం అందులో ఒకటి. పోర్చుగీసు తిమోర్ మీదికి రావడం మరొకటి.

ఈ జాబితా చదివినప్పుడల్లా ఒక విషయం గుచ్చుకుంటుంది. పోర్చుగీసు తిమోర్ భవిష్యత్తును నిర్ణయించిన ఆ బల్ల చుట్టూ పోర్చుగీసు అధికారి ఒక్కరూ లేరు. తటస్థ దేశాన్ని పిలవలేకపోవడం అర్థం చేసుకోదగినదే. అయితే తన గురించి ఇతరులు గీసిన ప్రణాళికలో తన సమ్మతి ఎక్కడుందో ఆ దేశం అడిగినప్పుడు, చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది.

అదే సమయంలో ఆ మిత్రుల మధ్య కూడా హామీలు కాగితం మీదికి తేలిగ్గా రాలేదు. డచ్ వలసల మీద దాడి జరిగితే తప్పకుండా యుద్ధంలోకి వస్తామని రాసివ్వడానికి బ్రిటన్ 1941 అంతా వెనుకాడింది. అమెరికా ఏమంటుందో తేలనిదే తాను మాట ఇవ్వలేనని దాని వాదన. ఆ మాట డిసెంబరు మొదటి వారంలో, యుద్ధం గుమ్మంలోకి వచ్చాక గానీ రాలేదు.

సలాజార్ అసలు దేనికి భయపడ్డారు?

పోర్చుగల్ ప్రధాని సలాజార్‌ను మొండివాడిగా చిత్రించడం సులభం. ఆయన నియంత అన్నది నిజం, తిమోర్‌లో ఆయన పాలనను సమర్థించడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయినా ఆయన ముందున్న లెక్క చూడాలి. ఆసియాలో పోర్చుగల్‌కు తిమోర్‌తో పాటు మకావు ఉంది, గోవా, డామన్, డయ్యూ ఉన్నాయి. మకావు చుట్టూ ఉన్న చైనా భూభాగం అప్పటికే జపాన్ సైన్యం చేతిలో ఉంది. తిమోర్‌లో తటస్థత తప్పిందని జపాన్ భావిస్తే, మకావును ఒక్క పూటలో మింగేయగలదు. ఆ ఊరిని కాపాడగల శక్తి పోర్చుగల్‌కు లేదు, పక్కనే హాంకాంగ్‌లో ఉన్న బ్రిటిష్‌వారికీ లేదు. హాంకాంగ్ 1941 డిసెంబరు 25న లొంగిపోయింది. మకావు యుద్ధం ముగిసేదాకా పోర్చుగీసు జెండా కిందే ఉండి, వేలాది శరణార్థులకు నీడ అయింది. సలాజార్ జాగ్రత్తకు ఇంత అర్థం ఉంది.

ఆయన కోరింది సాయం వద్దని కాదు. దాడి జరిగిన తర్వాత, తమ గవర్నర్ అడిగిన తర్వాత రావాలని. ఈ క్రమం తప్పితే తటస్థతను ముందు ఉల్లంఘించింది జపాన్ కాదు, మిత్రులే అవుతారు.

అయితే 1941 చివర్లో లిస్బన్‌లో ఏం కుదిరింది?

నవంబరులో బ్రిటన్ ఈ ప్రస్తావన తెచ్చింది. లిస్బన్‌లో బ్రిటిష్ రాయబారి సర్ రోనాల్డ్ కాంప్‌బెల్, లండన్‌లో పోర్చుగల్ రాయబారి ఆర్మిందో మొంతైరో, ఆయనకు ఎదురుగా బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆంథనీ ఈడెన్: మాటలు ప్రధానంగా వీరి ద్వారా నడిచాయి. జపాన్ దాడి చేస్తే ఎదిరిస్తామని, అప్పుడు సాయం స్వీకరిస్తామని పోర్చుగల్ సమాధానం ఇచ్చింది. వివరాలు మాట్లాడుకోవడానికి ఒక సైనికాధికారిని సింగపూర్‌కు పంపే ప్రతిపాదన కూడా వచ్చింది. యుద్ధం మొదలయ్యాక, దాడి జరిగితే ఆస్ట్రేలియా, డచ్ దళాల సాయం కోరమని దిలీలోని గవర్నర్‌కు ఆదేశాలు వెళ్లాయి.

ఇక్కడే ఒక మాట దగ్గర మొత్తం కథ చీలింది. ‘దాడి జరిగితే’ అన్నది లిస్బన్ మాట. ‘దాడి తప్పదని తెలిసినప్పుడు’ అన్నది లండన్, కాన్‌బెర్రా, బటావియాల మనసులోని మాట. ఓడలు తీరం చేరాక సాయం అడిగితే, కుపాంగ్ నుంచి ఎవరు ఎప్పటికి వస్తారు? సైనికుడి దృష్టిలో రెండో మాటే సబబు. తటస్థ దేశం దృష్టిలో మొదటి మాట తప్ప రెండోది ఒప్పుకోవడానికి వీల్లేదు. సింగపూర్‌లో ముఖాముఖి కూర్చుని ఉంటే ఈ చీలికకు మధ్యే మార్గం దొరికేదేమో. ఆ సమావేశం జరిగేలోపే పరిస్థితి చేయి దాటిపోయింది.

1941 డిసెంబరు 17న దిలీలో ఏం జరిగింది?

తిమోర్ చుట్టుపక్కల జపాన్ జలాంతర్గాములు తిరుగుతున్నాయన్న వార్తలు డిసెంబరు మధ్యలో వచ్చాయి. ఇక ఆగడం లాభం లేదని మిత్రపక్షం నిర్ణయించింది. కుపాంగ్‌లో అప్పటికి నాలుగైదు రోజుల కిందటే ఆస్ట్రేలియా దళం దిగి ఉంది, దాని పేరు స్పారో ఫోర్స్. అందులోంచి ఒక స్వతంత్ర కంపెనీ (విడిగా పోరాడేందుకు తయారుచేసిన చిన్న సైనిక దళం)లోని కొందరు, వారితో డచ్ సైనికులు, మొత్తం నాలుగు వందల మంది వరకు డచ్ యుద్ధనౌక సురబయా వెంట దిలీకి బయలుదేరారు.

ఆ ఉదయం స్పారో ఫోర్స్ అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ లెగ్గట్, డచ్ అధికారులు ముందుగా గవర్నర్ మాన్యుయెల్ ద అబ్రెయు ఫెరేరా ద కార్వాలోను కలిశారు. దళాలు ఇంకాసేపట్లో దిగబోతున్నాయని, మీ ప్రభుత్వంతో మాట్లాడుకున్నదే ఇదని చెప్పారు. దాడి జరిగిన తర్వాతే సాయం కోరమని తనకు ఆదేశాలున్నాయని, ఇంకా దాడి జరగలేదని గవర్నర్ అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకే మంతనం గురించి రెండు రాజధానులు రెండు రకాలుగా రాసి పంపిన తంతి సందేశాలు ఆ గదిలో ఎదురెదురు పడ్డాయి, అంతే. ఇంతలో దళాలు ఒడ్డుకు చేరాయి.

పోర్చుగీసు సైనికులు ఎందుకు కాల్పులు జరపలేదు?

గవర్నర్ దగ్గరున్నది చిన్న దండు. ఎదురుగా యుద్ధనౌక, ఒడ్డున తమకంటే బలమైన దళం ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, వచ్చినవాళ్లు శత్రువులు కారు. గవర్నర్ గట్టిగా నిరసన తెలిపి, రక్తపాతం లేకుండా చూశారు. దిగినవాళ్లు విమానాల మైదానాన్ని అదుపులోకి తీసుకున్నారు. పోర్చుగీసు పాలన, జెండా, కోర్టులు, పోలీసులు అన్నీ యథాతథంగా ఉండిపోయాయి. దిలీలో మలేరియా విరుచుకుపడటంతో ఆస్ట్రేలియన్లు చాలామంది వారాల్లోనే మంచాన పడ్డారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు క్రమంగా కొండల వైపు మకాం మార్చారు. ఆ కొండల దారులు తెలియడమే తర్వాత వారి ప్రాణాలు కాపాడింది.

లిస్బన్ ఎలా స్పందించింది?

కోపంతో. డిసెంబరు 19న సలాజార్ జాతీయ సభలో మాట్లాడుతూ, పోర్చుగల్ సార్వభౌమత్వాన్ని మిత్రులే తొక్కేశారని బహిరంగంగా నిరసించారు. ఆరు శతాబ్దాల మైత్రి అంతదాకా అంత పెద్ద దెబ్బ తినడం అరుదు. దళాలను వెనక్కు తీసుకుంటామని వెంటనే చెబితే తిమోర్ ఖాళీగా మిగిలిపోతుంది, చెప్పకపోతే లిస్బన్ సంబంధాలు తెగిపోయే ప్రమాదం ఉంది. లండన్ ఇరకాటంలో పడింది.

చివరికి ఒక రాజీ కుదిరింది. తిమోర్ రక్షణకు పోర్చుగల్ తన సొంత సైన్యాన్నే ఆఫ్రికాలోని తన వలస మొజాంబిక్ నుంచి పంపాలి, అది దిలీ చేరగానే ఆస్ట్రేలియా, డచ్ దళాలు వెళ్లిపోవాలి. కాగితం మీద ఇది అందరి పరువూ నిలిపే పరిష్కారం. 1942 జనవరి చివర్లో జువావ్ బెలో అనే ఓడ సుమారు ఎనిమిది వందల సైనికులతో, గొన్సాల్వెస్ జార్కో అనే యుద్ధనౌక రక్షణలో, లొరెన్సు మార్కెస్ రేవు నుంచి బయలుదేరింది. ఆ ఊరి నేటి పేరు మపుతు.

ఆ ఓడ తిమోర్ చేరిందా?

చేరలేదు. ఫిబ్రవరి 19 ఉదయం జపాన్ విమానాలు డార్విన్ మీద బాంబులు కురిపించాయి. ఆ రాత్రే జపాన్ ఓడలు దిలీ ముందుకు వచ్చాయి. పోర్చుగీసు సైన్యం ఇవాళో రేపో వస్తుందని ఎదురుచూస్తున్న కాపలావాళ్లకు చీకట్లో సముద్రం మీద ఓడలు కనబడితే, మొజాంబిక్ నుంచి వచ్చినవేనని మొదట అనుకున్నారు. పొరపాటు తెలిసేసరికి దిగడం మొదలైంది. ఈ మొత్తం వ్యవహారాన్ని ఒక్క దృశ్యంలో చూపమంటే, ఆ రాత్రి దిలీ ఒడ్డున నిలబడి చీకట్లోకి చూస్తున్న ఆ కాపలావాడినే చూపించాలి. ఎవరి కోసం చూస్తున్నాడో వాళ్లు రాలేదు, ఎవరు రాకూడదని చూస్తున్నాడో వాళ్లు వచ్చారు.

జువావ్ బెలో దారిలోనే ఆగిపోయింది. కుపాంగ్ వైపు ప్రధాన దళం నాలుగు రోజుల పోరాటం తర్వాత ఫిబ్రవరి 23న లొంగిపోయింది.

మిత్రదళాలు ముందే దిగకపోతే జపాన్ తిమోర్‌ను వదిలేసేదా?

దీని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. డచ్ తిమోర్‌ను పట్టుకోవాలని జపాన్ ముందే నిర్ణయించుకుంది. పోర్చుగీసు సగం విషయంలో మాత్రం టోక్యోలో తర్జనభర్జనలు జరిగాయి. తిమోర్‌ను ముట్టుకుంటే పోర్చుగల్ మిత్రపక్షంలోకి వెళ్లి అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవులను అప్పగిస్తుందేమో అన్న అనుమానం అక్కడ ఉంది. ఆస్ట్రేలియా, డచ్ దళాలు దిలీలో ఉండటం ఆ తర్జనభర్జనకు తెర దించడానికి సాయపడింది. ఆత్మరక్షణ కోసమే వస్తున్నామని, పని ముగిశాక వెళ్లిపోతామని జపాన్ పోర్చుగల్‌కు చెప్పింది. వెళ్లింది మాత్రం 1945లోనే.

నా అభిప్రాయం చెప్పమంటే, జపాన్ ఎలాగూ వచ్చేదే. దీవిలో సగాన్ని పట్టుకుని, అదే కొండ వరస మీద ఉన్న రెండో సగాన్ని ఎవరూ అలా వదిలేయరు. అయినా డిసెంబరు 17 నాటి చర్య వల్ల జపాన్‌కు ఒక సాకు దొరికింది, పోర్చుగల్‌కు ఒక గాయం మిగిలింది. సైనిక లెక్క సరైనది కావచ్చు, దౌత్యం మాత్రం తొందరపాటుతో చెడిపోయింది.

దిలీలో ఉన్న ఆస్ట్రేలియా ప్రతినిధి ఎవరు?

డేవిడ్ రాస్. 1941లో పౌర విమానయాన ప్రతినిధిగా వచ్చారు. విమానాల పని ఎంత ఉందో, చుట్టూ ఏం జరుగుతోందో కాన్‌బెర్రాకు తెలియజేసే పనీ అంతే ఉండేది. తర్వాత బ్రిటిష్ కాన్సల్‌గా నియమితులయ్యారు. జపాన్ దళాలు ఆయనను దిలీలో పట్టుకుని, కొండల్లో ఉన్న ఆస్ట్రేలియన్లకు లొంగుబాటు కబురు చేరవేయమని రెండుసార్లు పంపాయి. మొదటిసారి జవాబు పట్టుకుని తిరిగి వచ్చారు. రెండోసారి తిరిగి రాలేదు, కొండల్లోనే ఉండిపోయి ఆస్ట్రేలియా చేరారు.

కొండల్లో మిగిలినవాళ్లు ఎలా నిలిచారు?

తిమోర్ ప్రజల చేతుల మీదుగా. ఆ స్వతంత్ర కంపెనీ లొంగకుండా నెలల తరబడి గెరిల్లా పోరాటం చేసింది. వాళ్ల రేడియో పాడైపోవడంతో బతికున్నారో లేదో కూడా ఆస్ట్రేలియాకు తెలియలేదు. అక్కడా ఇక్కడా ఏరిన విడిభాగాలతో, కిరసనాయిలు డబ్బా ఆధారంగా ఒక ట్రాన్స్‌మిటర్ తయారుచేసి 1942 ఏప్రిల్‌లో డార్విన్‌తో సంబంధం కలిపారు. చర్చిల్ పేరు గుర్తుకు వచ్చేలా దానికి ‘విన్నీ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఒక్కో సైనికుడి వెంట ఒక తిమోర్ కుర్రవాడు ఉండేవాడు. వాళ్లను ‘క్రియాదో’లు అనేవారు. మూట మోయడం, దారి చూపడం, తిండి సంపాదించడం, శత్రువు వస్తున్నాడని ముందే చెప్పడం వాళ్ల పని. 1943 మొదట్లో ఆస్ట్రేలియన్లను చివరికి ఓడలో తీసుకుపోయినప్పుడు ఆ కుర్రవాళ్లలో చాలామంది ఒడ్డునే ఉండిపోవలసి వచ్చింది. గ్రామాలు కాలిపోయాయి, పంటలు పోయాయి, ఆకలి వచ్చింది. యుద్ధకాలంలో పోర్చుగీసు తిమోర్‌లో మరణించినవారు 40,000 నుంచి 70,000 వరకు ఉంటారని అంచనా. అప్పటి జనాభా అయిదు లక్షలు కూడా లేదు.

లండన్, లిస్బన్‌ల మధ్య నడిచిన తంతి సందేశాల్లో ‘సమ్మతి’ అన్న మాట పదేపదే కనిపిస్తుంది. ఎక్కడ చూసినా అది పోర్చుగల్ సమ్మతే. ఆ కుర్రవాళ్ల తల్లిదండ్రుల సమ్మతి గురించి ఏ రాజధానిలోనూ ఎవరికీ తట్టలేదు.

పోర్చుగల్, బ్రిటన్ మళ్లీ కలిసిపోయాయా?

కలిసిపోయాయి, ఈసారి పద్ధతిగా. 1943 ఆగస్టులో, 1373 నాటి మైత్రి పేరు మీదనే, అజోర్స్‌లో స్థావరాలకు పోర్చుగల్ అంగీకరించింది. అక్టోబరులో బ్రిటిష్ దళాలు అక్కడి తెర్సేరా దీవిలో దిగాయి. పోర్చుగల్ వలసలన్నిటి మీద దాని సార్వభౌమత్వాన్ని గౌరవిస్తామని బ్రిటన్ హామీ ఇవ్వగా ఆస్ట్రేలియా కూడా దానితో గొంతు కలిపింది. దిలీ గాయం మానడానికే ఆ హామీ అవసరమైంది. 1944 నవంబరులో అజోర్స్‌లోనే ఉన్న శాంతా మరియా దీవిలో విమానాల మైదానం కోసం అమెరికా చేసుకున్న ఒప్పందంలో, తిమోర్‌ను తిరిగి గెలిచే పోరాటంలో పోర్చుగల్ పాల్గొనడమనే అంశం కూడా చేరింది. ఆ పోరాటం జరగకుండానే జపాన్ లొంగిపోయింది. 1945 సెప్టెంబరులో గవర్నర్ కార్వాలో మళ్లీ దిలీలో పాలన చేతిలోకి తీసుకున్నారు.

ఈ విషయానికి భారతదేశంతో, తెలుగు నేలతో ఏదైనా సంబంధం ఉందా?

మూడు చోట్ల ఉంది. మొదటిది యానాం. ఫ్రాన్స్ పడిపోయినప్పుడు పుదుచ్చేరి గవర్నర్ బొన్‌వాఁ 1940 సెప్టెంబరులో, జర్మనీకి లొంగని స్వేచ్ఛా ఫ్రాన్స్ పక్షాన నిలిచారు. దానితో గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం కూడా మిత్రపక్షంలో ఉండిపోయింది. చుట్టూ బ్రిటిష్ ఇండియా ఉన్న ఆ చిన్న ముక్కలకు మరో దారి లేదు. ఇండోచైనాకు బ్రిటిష్ అండ అందే దూరంలో లేదు, జపాన్ మాత్రం గుమ్మంలో ఉంది. పొరుగువాడు ఎవరన్నదాన్ని బట్టే ఒక వలస ఏ పక్షం అన్నది తేలిపోయింది.

రెండోది 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తిమోర్, జావాలు పడిపోయాక హిందూ మహాసముద్రం జపాన్ నౌకాదళానికి తెరుచుకోవడమే ఇందుకు కారణం. మన తీరం ఆ దూరపు దీవులకు ఎంత ముడిపడి ఉందో ఆ ఒక్క రోజు చాలు చెప్పడానికి.

మూడోది గోవా. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాను విముక్తం చేసినప్పుడు సలాజార్ మళ్లీ అదే పాత ఒడంబడికను బయటకు తీశారు. కామన్వెల్త్ సభ్యదేశమైన భారత్ మీద కత్తి దూయలేమని బ్రిటన్ తప్పుకుంది. ఈసారి గోవా ప్రజల కోరిక ఎటువైపో లోకానికి తెలుసు.

డిసెంబరు 17 చర్య న్యాయమైనదేనా?

సూటిగా చెప్పాలంటే, కాదు. అవసరమైనది కావచ్చు. బెల్జియం మీద జర్మనీ కాలు మోపినప్పుడు తటస్థత పవిత్రమన్న బ్రిటన్, తిమోర్ దగ్గరకు వచ్చేసరికి అవసరమే పెద్దదని అంది. అక్కడ తుపాకీ పేలలేదు, జెండా దించలేదు, వెళ్లిపోతామని మాట ఇచ్చారు. ఈ తేడాలు నిజమే, తక్కువవి కావు. కానీ గవర్నర్ గదిలో ఇంకో రెండు గంటల్లో దిగుతున్నామని చెప్పడాన్ని అనుమతి అడగడం అనలేం.

రాస్ మాదిరి మనుషులు దిలీలోనే ఉన్నారు, సింగపూర్ సమావేశానికి ప్రతిపాదన ఉంది, లిస్బన్ తలుపు మూయలేదు. నవంబరులో మొదలైన మాటలు మే నెలలో మొదలై ఉంటే, మొజాంబిక్ సైన్యం డిసెంబరుకే దిలీలో ఉండేది. సింగపూర్‌లో ఏప్రిల్‌లోనే తిమోర్ పేరు జాబితాలో రాసినవాళ్లకు, తిమోర్ యజమానితో మాట్లాడటానికి ఏడు నెలలు ఎందుకు పట్టిందన్నదే నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న.

పాత సరిహద్దు ఇప్పుడూ ఉందా?

ఉంది. డచ్ సగం ఇండోనేషియాలో భాగమైంది. పోర్చుగీసు సగాన్ని 1975లో ఇండోనేషియా ఆక్రమించింది, అది 2002 మే 20న స్వతంత్ర దేశమైంది. లార్డీ తీర్పు హద్దు తేల్చిన ఒయెకుస్సి నేటికీ తూర్పు తిమోర్‌లో భాగమే. దిలీ నుంచి అక్కడికి రోడ్డు మీద పోవాలంటే మధ్యలో ఇండోనేషియా దాటాలి, లేదంటే ఓడో విమానమో ఎక్కాలి.